ఎండ పటంలో పదిహేడో నంబర్

మా తండా పేరు ఇక్కడ రాయను. కారేపల్లి వైపు అడవంచున ఉందనుకోండి, చాలు.

ఆ వేసవిలో తండా మొత్తానికీ ఎక్కువ మాట్లాడింది నేనే. తల్చుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

ఏప్రిల్ మొదటి వారం. మిరపకోతలు అయిపోయాయి, ఉపాధి పనులు మొదలయ్యాయి. హైదరాబాద్‌లోని ఒక పరిశోధన సంస్థ వాళ్ళు మా మండలంలో ఎండ మీద సర్వే చేస్తామని వచ్చారు. గుండీ అంత పరికరం ఒకటి జాకెట్టుకో చొక్కాకో పెట్టుకోవాలి. మనిషికి ఎంత ఎండ తగులుతోందో అది కొలిచి, ఐదు నిమిషాలకోసారి ఫోన్‌లో ఉన్న యాప్‌కి పంపుతుంది. యాప్ పేరు ‘నీడ’. ఒక్కో తండాకు నలభై మంది ఫోన్లలోంచి వచ్చినవన్నీ కలిపితే మండలానికి ఒక ఎండ పటం తయారవుతుందట. ఎండ ఎక్కువున్న చోట పని దగ్గర పందిళ్ళు వేయిస్తారు, నీళ్ళ డ్రమ్ములు పెట్టిస్తారు. పోయిన ఏడాది చెరువు పూడిక తీస్తూ లాల్‌సింగ్ కాకా గడ్డపార చేతిలో ఉండగానే కూలిపోయాడు. దవాఖానాకు చేరేలోపే ప్రాణం పోయింది. పందిరి అన్న మాట మాకు అప్పటినుంచీ చిన్న మాట కాదు.

ఖమ్మంలో డిగ్రీ పూర్తి చేసి ఇంట్లో గోళ్ళు గిల్లుకుంటున్న నన్ను వాళ్ళు తండా వాలంటీర్‌గా పెట్టుకున్నారు. మెడలో ఐడీ కార్డు వేశారు. మా యాడి ఆ కార్డును అటూ ఇటూ తిప్పి చూసింది.

“దీంట్ల మంచిగ నవ్వుతున్నవ్ గదా హేమా. ఇంట్ల ఎందుకు నవ్వవు?” అంది.

యాడి అంటే అమ్మ. ఆమె పేరు రూప్లి. ఇంట్లో మేం మాట్లాడుకునేది లంబాడీ. ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

అంగీకార పత్రం నాలుగు పేజీలు. ఆ తెలుగు తెలుగువాళ్ళకే అర్థం కాదు. దాన్ని చదివి లంబాడీలో చెప్పి సంతకాలు తీసుకోవడం నా పని. రెండో పేజీలో ఒక వాక్యం ఉంది: ‘మీ స్థాన సమాచారం నిర్ణీత వ్యవధిలో నమోదు చేయబడును.’ మొదటి ఇంట్లో దాని దగ్గర ఆగిపోయాను. ఎలా చెప్పాలో వెంటనే తోచలేదు. ముసలామె ఆవలిస్తోంది. వదిలేసి మూడో పేజీకి పోయాను. రెండో ఇంట్లో ఆగనే లేదు. “పేరు రాయరు, నంబర్ ఇస్తరు. ఎంత ఎండ తగులుతుందో రాసుకుంటరు. వద్దనుకున్ననాడు మానేయొచ్చు.” నలభై ఇళ్ళలోనూ ఇదే పాట. ఎంత ఎండో అని చెప్పాను. ఎక్కడ ఎండో అని ఒక్కరికీ చెప్పలేదు. ‘నువ్వు ఎటు పోతే అది రాసుకుంటుంది’ అని చెప్పడానికి పెద్ద చదువు అవసరం లేదు. నాకు తొందర, అంతే.

ఆ మాట అడిగినవాడు ఒక్కడే. వాగవతల కోయగూడెంలో ఉండే బొజ్జయ్య తాత. గుండీని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు చూశాడు.

“ఎంత ఎండనో రాసుకుంటది. సరే బిడ్డా. ఏడ ఎండనో అది గూడ రాసుకుంటదా?”

“రాసుకుంటే ఏమైతది తాతా? నీ పేరే ఉండదు గదా.”

“పేరుతోని పనేంది? అడవిల నేను ఏ తొవ్వన పోతనో నా కుక్కకు గూడ చెప్ప” అని నవ్వి, గుండీ నా చేతిలో పెట్టేశాడు. ముసలాయన చాదస్తం అని అతని పేరు కొట్టేసి ఇంకొకరిని చేర్చుకున్నాను.

యాడి ఒప్పుకోదనే అనుకున్నాను. ఆమెకు సొంత ఫోన్ లేదు. అడగ్గానే లోపలికి పోయి కోటేష్ ఫోన్ తెచ్చింది.

“దీంట్ల పెట్టు. వాళ్ళు నెల నెల రీచార్జ్ చేపిస్తమన్నరు గదా. ఫోన్ బతికే ఉంటది” అంది.

కోటేష్ మా అన్న. మూడేళ్ళ కిందట వానాకాలంలో జ్వరం తగ్గక పోయాడు. అప్పటికి ఇరవై ఏళ్ళు. మాలో పెళ్ళయినవాళ్ళను కాలుస్తారు, పెళ్ళికానివాళ్ళను పూడుస్తారు. అడవిలో మాకప్పుడు ఎకరన్నర పోడు చెలక ఉండేది. దాని గట్టు పక్కన పూడ్చి మూడు రాళ్ళు పెట్టాం. మరుసటేడు ఫారెస్టు వాళ్ళు ఆ చెలకకు ఇవతల కందకం తవ్వారు. భూమి మాదని చూపించే కాగితం లేదు. కేసు పెడతామంటే మా బాపు కిషన్‌లాల్ ఆఫీసుకు పోయి, ఇక మా ఇంట్లోంచి ఎవరూ కందకం దాటరని రాసిచ్చి వచ్చాడు. తర్వాత అశ్వారావుపేట దగ్గర పామాయిల్ తోటలో ట్రాక్టర్ నడపడానికి కుదిరాడు. రెండు వారాలకోసారి వస్తాడు. కోటేష్ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తం. ఎత్తకపోతే తగ్గుతుందని నేననుకునేదాన్ని.

ఫోన్ అంచు పగిలి ఉంది. యాప్ ఎక్కించి యాడికి నంబర్ ఇచ్చాను: పదిహేడు.

మే వచ్చింది. నలభై నాలుగు, నలభై ఐదు. పని దగ్గర ఆడవాళ్ళు గుండీ మీద జోకులేసుకునేవారు. మొగుడి మీద కోపమొస్తే ఎంత డిగ్రీ చూపిస్తుందో చెప్పమని నన్ను ఆటపట్టించేవారు. నా ఫోన్‌లో పటం కనిపించదు. ఎవరి నంబర్ నుంచి వివరాలు వచ్చాయో, ఎవరివి రాలేదో మాత్రం తెలుస్తుంది. వచ్చినవాళ్ళ పక్కన ఆకుపచ్చ టిక్కు. కొందరు చార్జింగ్ మర్చిపోతారు, కొందరు గుండీ పాత జాకెట్టుకే వదిలేస్తారు. పదిహేడు మాత్రం ఒక్కరోజు కూడా తప్పలేదు. తండా మీటింగుల్లో గొప్పగా చెప్పుకునేదాన్ని, మా యాడిని చూసి నేర్చుకోండని.

ఉపాధి పని పదకొండింటికి అయిపోతుంది. అందరూ ఇళ్ళకు వస్తారు. యాడి రెండింటికి వచ్చేది. మొహం కమిలిపోయి ఉండేది. చంకలో చిన్న తునికాకు మోపు.

“ఇంతసేపు పోయి ఇన్నే ఆకులా? చెట్టు కింద పండుకున్నవా?” అని ఏడిపించేదాన్ని.

“అవ్, పండుకున్న” అని నవ్వేది.

ఆమె వెంట తీసుకుపోయే రెండు లీటర్ల సీసా ఎప్పుడూ ఖాళీగా ఉండేది. అయినా ఇంటికి రాగానే కుండ దగ్గరికి పోయి గడగడా మూడు చెంబులు తాగేది. రెండు లీటర్లు తాగిన మనిషికి అంత దాహమెందుకని నాకు అనుమానం రావాలి. రాలేదు. నీళ్ళు సరిపోకపోతే ఇంకో సీసా పట్టుకుపోమని వాలంటీర్‌లా సలహా ఇచ్చాను. పట్టుకుపోయింది. అది కూడా ఖాళీగానే తెచ్చేది.

మే మూడో వారంలో రైతువేదికలో మీటింగ్ పెట్టారు. సంస్థ తరఫున వచ్చిన ఇంజనీరు ఉదయ్ భాస్కర్ గారు. సత్తుపల్లి వైపు మనిషి, మర్యాద తెలిసినవాడు. “మీ తండా అమ్మాయి చెబితేనే బాగుంటుందండీ, మీరే చెప్పండి” అని పటం చూపించే పని నాకిచ్చారు. ముందురోజు రెండు గంటలు నేర్పించారు. నేను కొత్త చీర కట్టుకుని పోయాను. ఉపాధి ఆఫీసు వాళ్ళు, గ్రామ కార్యదర్శులు, ఫారెస్టు సెక్షన్ ఆఫీసరు, తండాల నుంచి వచ్చిన వాళ్ళు కలిపి అరవై మంది దాకా ఉన్నారు.

గోడ మీద పటం పడింది. చెరువు పూడిక చోటు ఎర్రగా, మిరప కల్లాలు ఎర్రగా, ఊరి బస్‌స్టేజీ ఎర్రగా. ఒక్కోటీ కర్రతో చూపించి చెప్పాను. అడవి మాత్రం ఆకుపచ్చ, అక్కడక్కడా లేత పసుపు. ఆకు రాలిన చెట్లయినా కొమ్మల నీడే ఎంతో నయమని చెప్పాను. అంతా బాగానే విన్నారు.

“అమ్మా, ఆ అడవిల మధ్యన ఎర్రమచ్చ ఏంది? కొంచెం పెద్దగ చెయ్” అన్నాడు సెక్షన్ ఆఫీసరు.

పెద్దగా చేశాను. నా చేత్తోనే చేశాను. మచ్చ విడిపోయి చిన్న చిన్న చుక్కలయింది.

“అంతటా పచ్చగున్నది. గక్కడొక్కటే ఎందుకంత ఎండ?”

బళ్ళో ప్రశ్న అడిగినట్టే అనిపించింది. “అక్కడ చెట్లు లేవు సార్, అందుకే సూటిగ...” అంటూ ఉండగానే చుక్కల పక్కన గంటలు కనిపించాయి. పన్నెండు నలభై నుంచి ఒకటిన్నర. అన్ని రోజులూ అంతే. కింద నంబర్ పదిహేడు.

నా చేతిలో కర్ర ఆ నంబర్ మీదే ఆగిపోయింది.

మర్చిపోయాననుకుని ఉదయ్ భాస్కర్ గారు అందుకున్నారు. “సూటిగా ఎండ తగులుతోందని సార్. ఎవరో రోజూ అక్కడ గంటసేపు ఉంటున్నారు. ఎవరనేది మాకూ తెలీదు. పేర్లు ఉండవు. ఇళ్ళు కూడా తెలియకుండా ప్రతి ఇంటి చుట్టూ రెండొందల మీటర్ల దాకా చెరిపేశాం, చూడండి, ఈ తెల్ల సున్నా అదే.”

చుక్కల దారి కందకం దాటి, వాగు వెంబడి వచ్చి, ఒక తెల్ల సున్నా దగ్గర ఆగిపోయింది.

“గా వాగు పక్కన ఉన్నది ఒక్కటే ఇల్లు గదా” అన్నాడు ఆఫీసరు. గొంతులో కోపమేమీ లేదు. “మళ్ళ పోడు మొదలువెట్టిన్రన్నట్టు.” జేబులోంచి చిన్న డైరీ తీసి రాసుకున్నాడు.

ఉదయ్ భాస్కర్ గారు నావైపు చూశారు. తండాకు కాస్త ఎడంగా ఉన్న ఆ ఇల్లు మాదని ఆయనకు తెలియదు. అది పోడు కాదు, మా అన్న సమాధి అని నేను చెప్పొచ్చు. చెబితే పదిహేడో నంబర్ మా యాడి అని నేనే చెప్పినట్టవుతుంది. బాపు రాసిచ్చిన కాగితం గుర్తొచ్చింది. చెప్పలేదు. తర్వాతి పటానికి పోయాను. నాలుగు చోట్ల పందిళ్ళు మంజూరు చేస్తున్నట్టు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. నలభై నాలుగు డిగ్రీల ఎండలో నాకు శాలువా కప్పారు.

ఇంటికొచ్చేసరికి యాడి వసారాలో బియ్యం ఏరుతోంది.

“యాడి, మధ్యాహ్నం రోజు ఏడికి పోతున్నవ్?”

“చెప్పిన గదా. ఆకుకు.”

“కోటేష్ దగ్గరికా?”

చేట మీద చెయ్యి ఆగింది. కాసేపటికి మళ్ళీ కదిలింది.

“పోతే ఏంది? కూసుని వస్త. ఎండకు రాళ్ళు కాలిపోతున్నయ్ హేమా, చెయ్యి పెట్టనిస్తలేవు. నీళ్ళు చల్లి, జరసేపు కొంగు కప్పి వస్త. వాడు ఎండకు అసలు ఓర్వడు గదా.” తలెత్తి అడిగింది, “నీకెవలు చెప్పిన్రు?”

“ఫోన్ చెప్పింది.”

యాడి రొండిలోంచి ఫోన్ తీసి చేతిలో పట్టుకుని చూసింది.

“కోటేష్ ఫోనా?”

ఆ మాటకు నాకు ఏడుపొచ్చేసింది. ఫారెస్టు వాళ్ళు చూశారని, రాసుకున్నారని చెప్పాను. అంగీకార పత్రంలో నేను వదిలేసిన వాక్యం గురించి కూడా చెప్పాను. ఆమె అదంతా వింది గానీ తిట్టలేదు. “ఇప్పుడేమైతది?” అని మాత్రం అడిగింది.

“ఏం కాదు” అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో నాకే తెలియదు.

మూడోనాడు పొద్దున తొమ్మిదింటికి జేసీబీ చప్పుడు వినిపించింది. యాడి చేతిలో పని వదిలేసి పరుగెత్తింది. వెనకాలే నేను. కందకం దగ్గరికి చేరేసరికి చెలకలో సగం చదునైపోయింది. ముళ్ళపొదలు, మోళ్ళు, రాళ్ళు అన్నీ ఒక మూలకు నెట్టి కుప్ప వేస్తున్నారు. చదును చేసిన చోట మొక్కలు నాటడానికి వరసగా గుంటలు తీస్తున్నారు. ఇద్దరు గార్డులు కందకానికి అవతల నిలబడ్డారు.

“ఆడ మా అన్నను పూడ్చినం సార్! ఆపున్రి!” అని అరిచాను.

“కందకం దాటం అని మీ నాయన రాసిచ్చిండు గదమ్మా. మళ్ళ పోడు మొదలువెట్టి, ఇప్పుడు అన్న అంటవు. పైనుంచి ఆర్డర్ వచ్చింది, మా చేతుల ఏమున్నది?” అన్నాడు ఒకతను. అతను అబద్ధం అనుకున్నాడో, నిజమే అనుకుని ఏం చెయ్యలేకపోయాడో నాకు తెలియదు.

యాడి అరవలేదు. కందకం అంచున నిలబడి, “ఆ రాళ్ళు...” అంది ఒకసారి. యంత్రం చప్పుడులో పక్కనున్న నాకే సరిగ్గా వినపడలేదు. మూడు రాళ్ళూ ఎప్పుడు పోయాయో నేను చూడలేదు. ఆమె చూసిందేమో. అడగలేదు.

సాయంత్రం బాపు పేర నోటీసు వచ్చింది. రాసిచ్చిన మాట తప్పి పోడు చేస్తున్నందుకు కేసు ఎందుకు పెట్టకూడదో నెలరోజుల్లో వచ్చి చెప్పాలని.

మర్నాడు బాపు వచ్చాడు. నోటీసు నేనే చదివి వినిపించాను. ఇంటి పైకప్పు లేచిపోయేలా అరుస్తాడని భయపడ్డాను. బాపు మంచం పట్టె మీద కూర్చుని యాడివైపు చూశాడు.

“ఎన్నాళ్ళ సంది పోతున్నవ్?”

“కందకం తవ్విన కాడి నుంచి. ఎండలు ముదిరినంక దినాం పోతున్న.”

“నన్నొక్కనాడన్న పిలవకపోతివి.”

“నువ్వు సంతకం పెట్టొస్తివి. ఎట్ల పిలుస్త?”

“నాకు గూడ పోవాలనే ఉంటుండె రూప్లీ” అన్నాడు బాపు. తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు. అంతలావు మనిషి భుజాలు కదలడం కోటేష్ పోయిననాడు కూడా నేను చూడలేదు. యాడి లేచి పోయి ఆయన పక్కన కూర్చుంది. నేను గిన్నెలు తోమే వంకతో బయటికొచ్చేశాను.

వారంలోపు తండాలో గుండీలన్నీ ఒక్కటొక్కటిగా నా దగ్గరికి తిరిగి వచ్చాయి. స్టీలు డబ్బాలో వేసుకున్నాను. ఎవరూ గొడవ పడలేదు. ఎవరికి వాళ్ళు తాము ఏ దారిన పోయారో, ఏ గట్టు ఎక్కారో, ఎవరింటి ముందు ఆగారో గుర్తు చేసుకుంటున్నట్టు మొహాలు పెట్టేవారు. నా స్నేహితురాలే గుండీ ఇస్తూ నావైపు చూడకుండా పోయింది. ఐడీ కార్డు తీసి పెట్టెలో పడేశాను.

బొజ్జయ్య తాత కూడా వచ్చాడు. ఆరోజే చెప్పాను కదా అంటాడని కాచుకుని ఉన్నాను. వసారాలో కూర్చుని మంచినీళ్ళు తాగాడు.

“నువ్వు చిన్నదానివి బిడ్డా. నేను నవ్వులాటకు తీసుకున్న. ఆనాడే గట్టిగ అడిగేదుండె” అన్నాడు. పోతూ పోతూ యాడికి దోసెడు మొర్రిపండ్లు ఇచ్చి పోయాడు.

జూన్ నడిమధ్యన ఉదయ్ భాస్కర్ గారు వచ్చారు. కారు వాగవతలే ఆపి నడిచి వచ్చారు. పదిహేడో నంబర్ ఎవరో అప్పటికి ఆయనకు తెలిసింది. యాడి ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు.

“పేర్లు తీసేశాం, ఇళ్ళు చెరిపేశాం, చాలనుకున్నాం అమ్మా. ఊళ్ళలో అయితే ఒక సున్నాలో వంద ఇళ్ళుంటాయి. ఇక్కడ ఒక్కటే ఉంటుందని మాకు తట్టలేదు. తప్పు మాది.”

“కూసో సారూ. ఎండల వచ్చినవ్” అని యాడి మజ్జిగ ఇచ్చింది. ఆయన గ్లాసు పట్టుకుని తాగకుండా అలాగే కూర్చున్నారు.

తర్వాత నాకు విషయం చెప్పారు. ఫారెస్టు వాళ్ళు పదిహేడో నంబర్ వివరాలు కావాలని నోటిమాటగా అడిగారట. ఇంకా ఉత్తరం రాలేదు. వస్తే ఇవ్వక తప్పదేమో. పాల్గొన్న మనిషి వద్దంటే ఆ మనిషి తాలూకు మొత్తం తీసేయాలని అంగీకార పత్రంలోనే ఉంది. తీసేస్తే ఇక ఎవరడిగినా ఇవ్వడానికేమీ ఉండదు, కేసు నిలబడదు. “ఫోన్‌లోనే ఉంటుందండీ, ఒక్క నొక్కు. కానీ ఆమె నొక్కాలి. మేం నొక్కకూడదు, మీరూ నొక్కకూడదు.”

లంబాడీలో చెప్పాను. యాడి ఆలోచించింది.

“హేమా, రాళ్ళు లేవు, గట్టు లేదు. వాడున్న జాగ ఇప్పుడు ఈ ఫోన్‌కే ఎరుక. ఇది తీసేస్తే అది గూడ పోతదా?”

నేను తెలుగు చేసి చెప్పేసరికి ఉదయ్ భాస్కర్ గారు తల దించుకున్నారు. “పోతుందమ్మా. మొత్తం పోతుంది” అన్నారు.

“రెండ్రోజులు ఆగమను” అంది యాడి.

మర్నాటి మధ్యాహ్నం ముగ్గురం బయల్దేరాం. మృగశిరలో నాలుగు జల్లులు పడి తర్వాత వాన మొహం చాటేసింది. మళ్ళీ మే నెల ఎండే కాస్తోంది. యాడి చేతిలో ఫోన్, బాపు భుజాన నీళ్ళ బిందె. కందకం దగ్గర బాపు ఒక్క క్షణం ఆగాడు. తర్వాత బిందె నాకందించి తనే ముందు దిగి, అవతలి గట్టు ఎక్కి, యాడికి చెయ్యిచ్చాడు.

చెలక ఉండిన చోట వరసకు ఇరవై చొప్పున మొక్కలు. అన్నీ ఒకే ఎత్తు. యాడి గబగబా నాలుగడుగులు వేసి ఆగింది. కుడివైపు పోయింది. వెనక్కి వచ్చింది. ఈడ పుట్ట ఉండాలె అంది. ఈడికెల్లి ఆ గుట్ట కొస కనపడాలె అంది. గుట్ట కొస అన్నిచోట్ల నుంచీ కనిపిస్తోంది. వంగి మట్టి తడిమి చూసింది. మూలన కుప్ప దగ్గరికి పోయి రాళ్ళు ఒక్కొక్కటే తిరగేసింది. ఒక్కదాన్నీ గుర్తుపట్టలేకపోయింది. ఇన్నిసార్లు వచ్చిన మనిషి దారి తప్పి నిలబడటం చూడలేక నేను ఫోన్ తీసుకుని పటం తెరిచాను; ఎవరి చుక్కలు వాళ్ళ ఫోన్‌లో కనిపిస్తాయి.

నీలం చుక్క మేమున్న చోటు. ఎర్రచుక్కలు ఆమె కూర్చున్న రోజులు. నీలం చుక్కను ఎర్రచుక్కల మీదికి తెచ్చుకుంటూ నడిచాను. దగ్గరికొచ్చేకొద్దీ ఎర్రచుక్కలు విడివిడిగా చెదిరిపోయాయి. ఒకటి ఇటు, ఒకటి అటు, ఇరవై అడుగుల మేర. ఆమె కదలకుండా ఒక్కచోటే కూర్చుంది. ఫోన్ మాత్రం ఒక్కోరోజు ఒక్కోచోట చూపించింది. వాటి మధ్యలో పదకొండు మొక్కలున్నాయి.

“ఈ చుట్టుపక్కలనే యాడి.”

“ఏడ? సరిగ్గ చూపెట్టు.”

“ఇంతకంటే చెప్పదు. పదడుగులు అటిటు ఉంటది.”

యాడి నన్నూ, ఫోన్‌నూ మార్చి మార్చి చూసింది. “వాళ్ళకైతే సరిగ్గ చెప్పింది గదా?” అంది.

బాపు బిందె దించాడు. చెంబు ముంచి మొదటి మొక్క మొదట్లో పోశాడు. యాడి కాసేపు చూసి తనూ పోయి దోసిలి పట్టింది. పదకొండు మొక్కలకూ పోశారు. చివరిదానికి వచ్చేసరికి చెంబులో సగం నీళ్ళే ఉన్నాయి. యాడి తాగడానికి తెచ్చుకున్న సీసా విప్పి అది కూడా పోసేసింది.

అక్కడే కూర్చుని ఫోన్ ఆమె చేతికిచ్చాను. ఈసారి ఒక్క మాట కూడా వదల్లేదు. ఏం రాసుకున్నారో, ఎక్కడెక్కడ రాసుకున్నారో, ఎవరెవరు చూశారో, నొక్కితే ఏం పోతుందో, పోయాక మళ్ళీ ఎవరూ తేలేరని, నేను కూడా తేలేనని అన్నీ లంబాడీలో చెప్పాను. అరగంట పట్టింది. ఏప్రిల్‌లో పట్టాల్సిన అరగంట.

“కోటేష్ ఫొటోలు పోవు గదా?”

“పోవు. అవి వేరే.”

“ఏది ఒత్తాలె?”

చూపించాను. యాడి ఎర్రచుక్కలకేసి చివరిసారి చూసుకుంది. అన్నం ముద్ద నోటికందించేప్పుడు పట్టినట్టు నాలుగు వేళ్ళ మీద ఫోన్ పట్టుకుని, బొటనవేలితో నొక్కింది. చుక్కలన్నీ ఒక్కసారే పోయాయి. వెనకున్న అడవి పటం ఖాళీగా మిగిలింది.

కేసు నిలబడలేదు. బాపును ఆఫీసుకు పిలిచి, మళ్ళీ ఒక కాగితం మీద సంతకం పెట్టించుకుని పంపారు. చెరువు దగ్గర పందిరి వేశారు; దాని కింద ఆడవాళ్ళు సద్దులు తింటున్నారు. బాగానే ఉంది. నేను మాత్రం ఆ పందిరి కింద ఎప్పుడూ కూర్చోలేదు.

బాపు మళ్ళీ అశ్వారావుపేట పోలేదు. దగ్గర ఊళ్ళోనే ట్రాక్టర్ చూసుకున్నాడు. కోటేష్ ఫోన్ ఇప్పుడు ఇంట్లో గూట్లో ఉంటుంది. పన్నెండున్నరకు యాడి ఒక సీసా, బాపు ఒక సీసా పట్టుకుని ఎటో పోతారు. రెండింటికి ఖాళీ సీసాలతో వస్తారు. ఎటు పోయారని నేను అడగను. వాళ్ళొచ్చే వేళకు కుండలో నీళ్ళు నింపి ఉంచుతాను.